సగం పువ్వు

సైదాపురం గని మూతబడ్డ ఏడు
దొర బంగళా సామాను వేలమేశారు.
పేము కుర్చీలు గూడూరు పోయాయి,
గుర్రపు జీను ఒక జట్కా సాయిబుకి,
పింగాణీ పళ్లేలు, డజనుకి ఒకటి తక్కువ,
పొదలకూరులో ఎవరింటి అద్దాల బీరువాలోకో.

తక్కువైన ఆ ఒకటి
మా మేనత్త వెంగమ్మకొచ్చింది
ఆరు రోజుల కూలి బాకీ కింద.
"డబ్బుల్లేవు మే, ఇది పట్టకపో" అన్నాడంట మేస్త్రీ.
కొంగులో చుట్టి నాలుగు మైళ్లు నడిచింది
కోపాన్ని పొట్టకు కట్టుకొచ్చినట్టు.
మామ దాన్ని వేలితో కొట్టి చూశాడు.
"ఆరు రోజులు ఇంత పల్చనా?" అన్నాడు.

అంతా నీలమే అందులో.
నీలం చెట్లు, నీలం ఆవులు,
మూడు కమానుల వంతెన,
దాని కింద కదలని ఏరు,
ఒడ్డున టోపీ పెట్టుకుని
గాలం వేసుక్కూర్చున్న మనిషి.
అంచు చుట్టూ పూలు, మా వైపు పూయనివి.
పేరడిగితే "దొరపూలు" అనేది అత్త,
ఇంకేం అడగొద్దన్నట్టు.

అందులోనే మాకు సంగటి పెట్టేది.
ముగ్గురు పిల్లకాయలం చుట్టూ కూర్చుని
ఎవరి పక్క నుంచి వాళ్లం తవ్వేవాళ్లం.
ముందు పూలు బయటపడేవి,
తర్వాత చెట్ల తలలు,
ఒక ఆవు కొమ్ము.
గాలం మనిషిని ముందు చూసినవాడికి
ఎండుచేప ముక్క ఇంకోటి.
అతనికి పేరు కూడా పెట్టాం, సుంకన్న అని.
ఒక్క చేపా పడలేదు సుంకన్నకి
మా చిన్నతనం అయిపోయేదాకా.

గనిలో అత్తది రేకులు చీల్చే పని.
అభ్రకం పలకను కత్తిమొనతో గిల్లి
ఒకటిని రెండుగా, రెంటిని నాలుగుగా,
ఊదితే ఎగిరేదాకా.
కంటికి ఒకటే అనిపించేదాంట్లో
ఎన్ని పొరలున్నాయో
ఆ వేళ్లకు తెలుసు.

ఒక రాత్రి పళ్లెం తోముతూ ఆగిపోయింది.
బుడ్డి దగ్గరికి లాక్కుని
అంచు మీద బొటనవేలు నడిపింది.
"ఇదిగో, ఈడ అతికారు" అంది మా అమ్మతో.
"చేత్తో గీసింది గాదు మే ఇది.
కాగితం మీద అచ్చేసి, తడిపి అంటించారు.
చూడు, ఈడికొచ్చేసరికి పువ్వు సగమే ఉండాది.
మిగతా సగం యాడ?"

నిజమే.
అంచంతా తిరిగొచ్చిన పూలతీగ
మొదలైన చోటికి చేరేటప్పటికి
అరంగుళం చాల్లేదు.
ఒక పువ్వు నిలువునా తెగి
ఎవరిదో ఆకుకు అతుక్కుపోయింది.
ఇన్నేళ్లూ తింటూ మేం చూళ్లేదు.

అత్త చాలాసేపు మాట్లాడలేదు.
చేతికి బూడిద అలాగే ఉంది.
"ఆడది అయుంటది" అంది.
"రాత్రి పని. ఇంట్లో బిడ్డ ఏడస్తా ఉండుంటది.
చెడిందని రాసి
దానికీ కూలి కోసుంటారు."

చానా ఏళ్లకు మద్రాసు నుంచి ఒకాయన వచ్చాడు
పాత సామాను కొనుక్కుంటూ.
పళ్లేన్ని బోర్లించి, వెనక ముద్ర చదివి,
మళ్లీ తిప్పి, అంచు దగ్గర పెదవి విరిచాడు.
"రెండో రకం మాలు. పదిహేను ఇస్తా."
"రెండో రకమే" అంది అత్త.
"ఆ రకపోళ్ల దగ్గరే ఉండనీ."
ఆయన చేతిలోంచి తీసుకుని
ఆయన ముందే అన్నం పెట్టుకుంది.

ఇప్పుడది గూడూరులో, నా దగ్గర.
నేను ఎన్నడూ రేకులు చీల్చలేదు.
అతుకు మెరుగు కింద ఉంది, గరుకేమీ తగలదు.
అయినా తోమేటప్పుడు
వేలు అక్కడ ఆగుతుంది.

మెరుగు సన్నగా పగిలింది ఈ మధ్య.
చేపల పులుసు పసుపు ఆ గీతల్లోకి దిగి
ఏరు రంగు మారింది,
కండలేరుకు కొత్తనీళ్లు వచ్చినట్టు.
సుంకన్న మోకాళ్లదాకా మునిగాడు.
లేవలేదు.
ఈసారి పడుద్దేమో ఒక చేప.